తరుగు

ఎనుమాముల మార్కెట్. ఫిబ్రవరి. మిర్చి ఘాటుకు
కాంటా గదిలో కంప్యూటర్ కూడా తుమ్మేటట్టున్నది.
కిటికీ అవతల చీటీ పట్టుకొని కొంరవ్వ:
"నా పేరుకు ఒత్తు ఏడబోయింది బిడ్డా?"

చీటీ మీద కొంరవ్.
ఆ పక్కన నల్ల పలకలో ఒక ప్రశ్నార్థకం.

రాత్రిబడిలో నలభై దినాలు దిద్దిన పేరు.
వేలిముద్ర సిరా కడుక్కొని వచ్చిన పేరు.
చదువురాని రోజుల్లో అయితే
అడిగేదే కాదు.

ప్రోగ్రాం నాది కాదు, ఫసీహుద్దీన్ సార్‌ది.
తొంభై ఎనిమిదిలో మండిబజార్ మేడ మీద
సీ భాషలో రాసిండు.
పేరుకు ఇరవై గడులు. ఆఖరి గడిలో సున్నా,
పేరు ఇక్కడికి అయిపోయిందని చెప్పే కావలోడు.
అప్పుడు చీటీలన్నీ ఇంగ్లీషే,
అక్షరానికో గడి, ఎవ్వరికీ ఇరుకు కాలే.

పోయిన దసరాకు తెలుగు చీటీ కావాలన్నరు.
నేనే మార్చిన.
ఫాంటు మార్చిన, కీబోర్డు మార్చిన,
గడులు మాత్రం లెక్కబెట్టలే.

కొంరవ్వ నోట్లో మూడే అక్షరాలు.
విప్పి చూస్తే ఏడు:
క, దాని ఒత్వం, సున్న, ర, వ, పొల్లు, మళ్ళా వ.
తలా మూడు బైట్లు.
ఏడు మూళ్ళు ఇరవై ఒకటి.
పందొమ్మిది కాడ కత్తి పడ్డది.
ఆఖరి వ ఒక ముక్క గుమ్మం లోపల,
రెండు ముక్కలు బయట.
ఆ ఒంటి ముక్కే నల్ల పలక.

ఊరికే, సార్ పేరు ఉర్దూల రాసి లెక్కబెట్టిన.
నడుమ ఖాళీతో కలిపి పందొమ్మిది బైట్లు.
సరిగ్గా పట్టింది.
ఆయనకు ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి పేరు కొస నుంచి వెనక్కి నడిచిన.
తోక బైటు తగిలితే దాటు,
తల బైటు దొరికితే ఆడ కోయి.
నల్ల పలక పోయింది. కొంరవ్ అట్లనే ఉన్నది.
శుభ్రంగా కోసినా కోత కోతే.

తెల్లారి జమ్మికుంట నుంచి ఫోన్.
పత్తి యార్డులో చెయ్యంత డబ్బా, కొత్త రకం చిప్పు,
అదే ప్రోగ్రాం, ఆడ నల్ల పలకలు పోనే పోలే.
పొద్దంతా తవ్వితే బయటపడ్డది:
హన్మకొండలో నా మెషీన్‌కు క అంటే
మైనస్ ముప్పై రెండు, మైనస్ ఎనభై, మైనస్ నూటేడు.
ఆడ అదే క
రెండు వందల ఇరవై నాలుగు, నూట డెబ్బై ఆరు, నూట నలభై తొమ్మిది.
హన్మకొండలో అప్పు,
జమ్మికుంటలో జమ.
నేనేమో తోకను అప్పుల్లో వెతుకుమని రాసిన.
అప్పే లేని ఇంట్లో ఏం దొరుకుతది?

సార్‌కు ఫోన్ చేస్తే నవ్విండు.
"ప్రోగ్రాం కిరాయిదార్ బేటా. ఇల్లు మారుతనే ఉంటది.
గోడకు మేకు కొట్టి, అన్ని ఇండ్లల్లో
గోడ ఈడనే ఉంటదనుకోకు."

ఛార్ ముందట అన్‌సైన్డ్ అని ఒక్క మాట పెట్టిన.
ప్రతి ప్రోగ్రాం లేవంగనే
తన ఊరి పేరు కూడా సీ అనే అనుకుంటది,
మొదటి లైన్లనే చెప్పిన, నీది ఈ ఊరని.
ఇరవై గడుల పెట్టె పగలగొట్టిన.
పేరు ఎంతుంటే అంత జాగా.
కోసుడే లేదు.

మళ్ళా మంగళారం కొంరవ్వ వచ్చింది, పదకొండు బస్తాలతో.
చీటీ అందుకొని ఎండకు పట్టి
వేలుతో నడిచింది:
కొం. ర. వ్వ.
ఒత్తు కాడ వేలు కాసేపు ఆగింది.
నేను మెచ్చుకోలు కోసం చూస్తున్నట్టు
ఆమెకు అర్థమైనట్టుంది.

వేలు కింది లైనుకు దిగింది.
బస్తాకు రెండు కిలోలు. పదకొండు బస్తాలు.
"పేరుకు తరుగు తీసేసినవ్, మంచిగున్నది.
మరి దీనికో?"

అది ప్రోగ్రాంలో తప్పు కాదు.
అన్ని మెషీన్ల మీద
ఒక్కతీరుగ నడుస్తది.